మధ్యయుగపు ఫ్రెంచ్ ఊళ్ళో రాతి ఇల్లు: ముందు మెట్ల సంగతి అడగండి

మీ ప్రశ్న ఇది: విజయవాడ నుంచి జూన్‌లో ఆరుగురు వస్తున్నారు. మీ దంపతులు, పిల్లలిద్దరు, అమ్మగారు, నాన్నగారు. అందరూ శాకాహారులు. అమ్మగారికి 66, మోకాళ్ళ నొప్పులు. దక్షిణ ఫ్రాన్స్‌లో తులూజ్ నగరానికి దగ్గర్లో ఉన్న కొండమీది ఊరు కోర్డ్-సుర్-సియెల్‌లో, కోట ద్వారం లోపల మూడంతస్తుల పాత రాతి ఇల్లు చూశారు. పడకగదులన్నీ పై అంతస్తుల్లో, బాత్రూమ్ ఒక్కటే, అదీ కింద. "ఫొటోలు అద్భుతంగా ఉన్నాయి, వారానికి తీసేసుకోమంటారా?" అని అడిగారు.

ఊరికి తప్పకుండా వెళ్ళండి. ఆ ఇల్లు మాత్రం వద్దండి.

నాది తెనాలి. తులూజ్‌లో ఉండబట్టి 14 ఏళ్ళయింది. ఇక్కడ విమానాల కంపెనీల్లో పనిచేసే మనవాళ్ళ ఇళ్ళన్నిటికీ వేసవి వస్తే చాలు, చుట్టాలు దిగుతారు. మా ఇంటికీ అంతే. మా ఫ్లాటు చాలక, వాళ్ళను వెంటబెట్టుకుని ఇప్పటికి తొమ్మిది పాత ఇళ్ళలో వారాలకు వారాలు ఉన్నాను. ప్రకటనల్లో దూలాలు, నిప్పుగూడు, కిటికీలోంచి లోయ, అన్నీ కనిపిస్తాయి. మెట్లు ఒక్కటీ కనిపించవు. ఇంటాయన మెట్ల ఫొటో పెట్టలేదంటే మరిచిపోయి కాదు.

ఆ కాలపు ఇళ్ళలో మెట్లు చాలాచోట్ల గుండ్రంగా తిరుగుతూ పైకి పోతాయి, మన చార్మినార్ మినారులో ఉన్నట్టు. ప్రతి మెట్టూ గోడవైపు వెడల్పు, మధ్య స్తంభం వైపు బెత్తెడు. వందల ఏళ్ళు నడిచిన పాదాలకు రాయి మధ్యలో అరిగి గుంటపడి ఉంటుంది. పట్టుకోవడానికి రెయిలింగు బదులు గోడకు కట్టిన మోకు. పిల్లలకు ఆట. మోకాళ్ళ నొప్పులున్న మనిషి రాత్రి రెండింటికి నిద్రకళ్ళతో రెండంతస్తులు దిగి బాత్రూముకు వెళ్ళి మళ్ళీ ఎక్కాలంటే, అది సెలవు కాదు, మొక్కు.

"మరి ఇంటాయన బాగు చేయించవచ్చుగా?" అనుకుంటారు. అంత తేలిక కాదు. చారిత్రక కట్టడాల మీద ఫ్రాన్స్‌లో 1913 నాటి చట్టం ఉంది. కట్టడం రక్షిత జాబితాలో ఉంటే దాన్ని ముట్టుకోవడానికి అనుమతి కావాలి. అలాంటి కట్టడానికి మామూలుగా 500 మీటర్ల చుట్టుపక్కల మామూలు ఇళ్ళ బయటి రూపు మార్చాలన్నా ప్రభుత్వ ఆర్కిటెక్టు చూసి సరే అనాలి. కిటికీ మార్చాలన్నా, రంగు వేయాలన్నా, ఏసీ డబ్బా గోడకు తగిలించాలన్నా అంతే. అందుకే కోట లోపలి ఇళ్ళలో ఏసీ ఉంటుందని లెక్కేసుకోకండి. లిఫ్టు ఊసే ఉండదు. మందపాటి రాతి గోడలు కాబట్టి జూన్‌లో కింది గదులు చల్లగానే ఉంటాయి. పై కప్పు కింద గది మాత్రం సాయంత్రానికి వేడెక్కుతుంది. పొద్దున తొమ్మిదికల్లా కిటికీల చెక్క తలుపులు మూసేసి, పొద్దుగుంకాక బార్లా తెరవాలి. మనవాళ్ళు వెలుతురు కోసం పగలంతా తెరిచిపెట్టి, రాత్రి దోమలని మూస్తారు. సరిగ్గా తలకిందులు.

ఆ ఊరు అసలు కొండమీద ఎందుకుందో తెలిస్తే మిగతా ఇబ్బందులన్నీ వాటంతటవే అర్థమవుతాయి. 1209లో మొదలైన మతయుద్ధం ఈ ప్రాంతాన్ని చిందరవందర చేస్తున్న రోజుల్లో, 1222లో తులూజ్ ప్రభువు ఏడో రేమండ్ దీన్ని స్థాపించాడు. ఇలా ఒక్కసారిగా పథకం వేసి కట్టిన ఊళ్ళను 'బాస్తీద్' అంటారు. వాటిలో మొదటి తరానిది ఇది. కొండ ఎక్కడం ఎంత కష్టమైతే అంత మంచిదన్నది కట్టినవాళ్ళ లెక్క. మీ సూట్‌కేసుకు చక్రాలుంటాయని వాళ్ళు అనుకోలేదు. తరవాత బట్టల వ్యాపారం, తోళ్ళ వ్యాపారంతో ఊరు బలిసింది. 13వ శతాబ్దం చివర, 14వ శతాబ్దం మొదట్లో వర్తకులు రాతి మేడలు కట్టించుకున్నారు. వాటిలో ఒకదాని ముఖభాగం మీద వేట దృశ్యం చెక్కి ఉంటుంది, కుక్కలు, అడవిపంది, కుందేలు. దాన్ని 'వేటల పెద్ద అధికారి ఇల్లు' అన్న అర్థంలో మెజోం ద్యు గ్రాం వెనర్ అంటారు. పిల్లలకు తప్పకుండా చూపించండి.

ఇంకో ముచ్చట. ఈ చుట్టుపక్కల 15, 16 శతాబ్దాల్లో డబ్బు కురిపించింది 'పాస్టెల్' అనే మొక్క. దాని ఆకుల నుంచి నీలం రంగు తీసేవారు. ఆ వ్యాపారం చితికిపోవడానికి ముఖ్య కారణాల్లో ఒకటి మన నీలిమందు. రాజులు నిషేధాలు పెట్టినా ఆగలేదు. ఓడల్లో దిగిన భారతీయ నీలిమందులో రంగు బాగా చిక్కన. కోరమండల్ తీరం నుంచి కూడా అది వెళ్ళేది. పాస్టెల్ రంగు అద్దిన చేతిరుమాళ్ళు ఇప్పటికీ ఇక్కడి దుకాణాల్లో అమ్ముతారు. మా మామగారు ఒకటి కొని, "మనం ముంచినవాళ్ళ దగ్గర కొన్నది" అని బంధువులందరికీ చూపించారు.

ఇక అసలు విషయానికి వస్తాను. కోట లోపలికి అద్దెకారు తీసుకెళ్ళడం కుదరదనే అనుకోండి. కిందెక్కడో ఆపుకుని గులకరాళ్ళు పరిచిన నిటారు వీధిలో సామాను లాక్కుంటూ ఎక్కాలి. సీజన్‌లో కింది నుంచి పైకి టూరిస్టుల కోసం చిన్న రైలుబండి తిరుగుతుంది, కానీ అది మీ నాలుగు పెద్ద సూట్‌కేసుల కోసం కాదు. సామాను దింపుకునే వరకైనా ఇంటి ముందు కారు ఆపనిస్తారా అని ఇంటాయన్ని ముందే అడగండి.

మీకు దారులు రెండున్నాయి. ఒకటి, కోర్డ్‌లోనే కొండ కింద పేటలో ఇల్లు చూడటం. అక్కడా పాత ఇళ్ళున్నాయి, కారు గుమ్మం దాకా వస్తుంది, పైకి పోవాలనిపించినప్పుడు పోవచ్చు. రెండోది, నేనైతే మీకు ఇదే చెప్తాను, మీర్‌పువా. తులూజ్‌కు ఆగ్నేయంగా, కారులో గంటంబావు. 1289లో వరద పాత ఊరిని తుడిచిపెట్టేస్తే, నది ఒడ్డు మార్చి చదునైన నేల మీద మళ్ళీ గళ్ళుగళ్ళుగా కట్టారు. నడిబొడ్డున చౌకు, చుట్టూ చెక్క స్తంభాల మీద నిలబడ్డ ఇళ్ళు, కింద వసారాలు. వానొచ్చినా ఎండొచ్చినా అమ్మగారు ఆ వసారాల కింద నెమ్మదిగా ఒక చుట్టు చుట్టి కాఫీ దగ్గర కూర్చోవచ్చు. ఒక పాత ఇంటి దూలాల చివర్లకు మనుషుల ముఖాలు, వింత జంతువుల తలలు చెక్కి ఉంటాయి. మా పిల్లలు వాటికి మా బంధువుల పేర్లు పెట్టారు, ఎవరికి ఏది అన్నది ఇక్కడ రాయలేను. సోమవారం ఉదయం పెద్ద సంత. కర్కసోన్ కోట దగ్గర్లోనే, రోజులో చూసి రావచ్చు. కోర్డ్‌కు ఒక రోజు కారులో వెళ్ళి, దారిలో ఆల్బీలో ఎర్ర ఇటుకల మహా చర్చి కూడా చూసి రండి. ఆ నగరం 2010 నుంచి యునెస్కో జాబితాలో ఉంది.

ఏ ఊళ్ళో తీసుకున్నా ప్రకటనలో వెతకాల్సిన మాట 'ప్లాం ప్యే'. అంటే మెట్లు లేకుండా నేలమట్టాన ఉన్నది. ఒక పడకగది, ఒక బాత్రూమ్, ఒక టాయిలెట్ ఒకే మట్టంలో ఉంటే మిగతా గదులు మేఘాల్లో ఉన్నా ఫరవాలేదు.

ఇప్పుడు నీళ్ళు. మనవాళ్ళు దెబ్బతినేది ఇక్కడే.

మొదటి ఏడాది మా అత్తగారు వాళ్ళు వచ్చినప్పుడు ఒక కొండ ఊళ్ళో ఇల్లు తీసుకున్నాం. ఊరి పేరు చెప్పను. మొదటి అంతస్తులో స్నానాలగది. చెక్క నేల, మీద పలచటి పెంకులు, మూలన గాజుపెట్టె లాంటి షవర్. మా అత్తగారికి ఆ పెట్టెలో దూరి స్నానం చేయడం ఊపిరాడలేదు. ఎక్కడో బకెట్, మగ్గు సంపాదించి, గది నడుమ పీట వేసుకుని, తెనాలిలో చేసినట్టే తలంటి పోసుకున్నారు. ఆ నేలకు తూము లేదు. ఫ్రెంచి బాత్రూముల్లో షవర్ తొట్టి బయట తూము ఉండదండి. అయిదు నిమిషాల్లో కింద వంటగదిలో, సరిగ్గా నేను దోసె తిరగేస్తున్న చోట, దూలాల సందుల్లోంచి ధారలు. దూలం మీద తెల్లగా మరక పడింది. వెళ్ళేరోజు డిపాజిట్‌లో మంచి కోతే పడింది. ఇంటామెను తప్పు పట్టడానికి లేదు. మా అత్తగారిని అనడానికి అసలే లేదు.

అదే వారంలో రెండో పాఠం. ఈ ఇళ్ళలో వేడినీళ్ళు చాలాచోట్ల ఒక పెద్ద కరెంటు ట్యాంకు నుంచి వస్తాయి. కరెంటు చవగ్గా ఉండే గంటల్లో, ఎక్కువగా రాత్రిపూట, మాత్రమే అది కాగేలా పెట్టి ఉంటుంది. 150 లీటర్ల ట్యాంకు ఉన్న ఇంట్లో ఆరుగురు వరసగా తలస్నానాలు చేస్తే నాలుగో మనిషికి చన్నీళ్ళే. మళ్ళీ తెల్లారేదాకా అంతే. ట్యాంకు ఎన్ని లీటర్లో అడగండి. ఆరుగురికి 300 ఉంటే దిగులు లేదు. తక్కువైతే ముగ్గురు పొద్దున, ముగ్గురు రాత్రి. ట్యాంకును పగలు కూడా నడిపే మీట మీటర్ల పెట్టెలో ఉంటుంది, దాన్ని చూపించమని మొదటిరోజే అడగండి.

టాయిలెట్ తరచు బాత్రూముతో కలవకుండా విడిగా చిన్న అరలో ఉంటుంది, అందులో కుళాయి కూడా ఉండకపోవచ్చు. హ్యాండ్ షవర్ ఉంటుందనుకోకండి. ఒక మగ్గు సూట్‌కేసులో పెట్టుకోండి, మొహమాటపడాల్సింది లేదు. ఊరి చివర ఇళ్ళకు సెప్టిక్ ట్యాంకు ఉంటే వెట్ వైప్స్ (తడి టిష్యూలు) అందులో పడేయవద్దు. తాగడానికి కుళాయి నీళ్ళు నిక్షేపంగా బాగుంటాయి.

వంటగది. శాకాహారులకు హోటలు కాకుండా ఇల్లే ఎందుకు తీసుకోవాలంటే ఇదొక్కటి చాలు. ఈ ప్రాంతపు వంటంతా బాతు, పంది చుట్టూ తిరుగుతుంది. ఇక్కడి పేరున్న చిక్కుడుగింజల వంటకం కాసులేలో కూడా మాంసమే. పల్లెటూరి రెస్టారెంటులో మీకు దొరికేది మేకపాల చీజ్ వేసిన సలాడ్, ఆమ్లెట్. మూడో రోజుకు మొహం మొత్తుతుంది. నిష్ఠగా ఉండేవాళ్ళైతే ఇంకో మాట: రాక్‌ఫోర్ లాంటి సంప్రదాయ చీజ్‌లను దూడ, గొర్రెపిల్ల కడుపులోంచి తీసిన పదార్థంతో విరగ్గొడతారు. నాన్నగారికి ముందే చెప్పండి, తిన్నాక చెప్పకండి.

పొయ్యి ఏమిటో అడగండి. ఇండక్షన్ అయితే అల్యూమినియం కుక్కరు పనిచేయదు, అయస్కాంతం అంటుకునే స్టీలు అడుగుండాలి. ఓల్టేజీ మనదే, 230. ప్లగ్గు మాత్రం మన మూడు గుండ్రటి పిన్నులది ఇక్కడి సాకెట్లో దూరదు, అడాప్టర్లు రెండు మూడు తెచ్చుకోండి. పోపు పెట్టేముందు కిటికీ తెరవండి. 2015 మార్చి నుంచి ప్రతి ఇంట్లో పొగ అలారం ఉండాలన్నది చట్టం. ఆవాలు, ఎండుమిరపకాయలు ఒక్కసారి మాడితే ఆ అరుపుకు వీధి వీధంతా కిటికీల్లోకి వస్తుంది. నా అనుభవమే.

తెచ్చుకునే సామానులో జాగ్రత్త. యూరప్ బయటి నుంచి మాంసం, పాలపదార్థాలు ప్రయాణికులు తేవడానికి వీల్లేదు. అంటే నెయ్యి డబ్బా, పాలకోవా కూడా తేకూడదు. పచ్చి కరివేపాకుకు కూడా ధ్రువపత్రం కావాలి, ఎవరి దగ్గరా ఉండదు కాబట్టి ఎండబెట్టి పొడిచేసి తెండి. ఆవకాయ, పొడులు, చింతపండు, ఇంగువ, కందిపప్పు బేషుగ్గా తెచ్చుకోవచ్చు. కందిపప్పు అయిపోయినా ఏ పెద్ద సూపర్ మార్కెట్లోనైనా మైసూరుపప్పు దొరుకుతుంది, 'లాంతీ కొరాయ్' అని అడగండి. బాస్మతి బియ్యం అంతటా ఉంది. ఇక్కడికి దగ్గర్లో లొత్రెక్ అనే చోట పండే గులాబిరంగు వెల్లుల్లి ఉంటుంది. జూన్‌లో కొత్తపంట ఇంకా రాకపోవచ్చు గానీ, దొరికితే దాంతో చారు పెట్టి చూడండి.

సరుకులు శనివారం ఇంటికి వెళ్ళే దారిలోనే కొనేయండి. ఎందుకంటే వేసవిలో ఈ ఇళ్ళు చాలావరకు శనివారం నుంచి శనివారానికే ఇస్తారు. ఆదివారం మధ్యాహ్నానికి ఊళ్ళో దుకాణాలు మూతబడతాయి, కొన్ని సోమవారం కూడా తీయరు. మామూలు రోజుల్లోనూ మధ్యాహ్నం 12 నుంచి 2 దాకా చిన్న దుకాణాలు భోజనానికి మూస్తారు. తాళంచెవి సాయంత్రం 4 తరవాత ఇస్తారు, 7 దాటితే ఇచ్చే మనిషి ఇంటికెళ్ళిపోవచ్చు. మీ విమానం తులూజ్‌లో రాత్రి దిగేట్టయితే ఆ పూట నగరంలోనే పడుకోండి.

కాగితం సంగతి. అద్దె ఒప్పందం రాతపూర్వకంగా, ఇంటి వివరాలతో ఉండాలి. అడ్వాన్సు పేరు చూడండి. 'ఆర్' అని రాస్తే, మీరు మానుకుంటే ఆ డబ్బు పోతుంది, ఇంటివాళ్ళు మానుకుంటే మీకు రెట్టింపు తిరిగి ఇవ్వాలి. 'అకోంత్' అని రాస్తే అది బేరం ఖాయమైనట్టే, మీరు మానుకున్నా మొత్తం అద్దె అడగవచ్చు. వీసా చేతికి రానివాళ్ళు రెండో రకం మీద సంతకం పెట్టకండి. వీసా నిరాకరిస్తే డబ్బు తిరిగిస్తారా అని మెసేజ్‌లో రాయించుకోండి. దుప్పట్లు, తువ్వాళ్ళు అద్దెలో కలిసి ఉన్నాయా, చివర్లో శుభ్రం చేసినందుకు విడిగా తీసుకుంటారా, కరెంటు మీటరు చూసి లెక్కకడతారా, ఇవి మూడూ ప్రకటనలో చిన్న అక్షరాల్లో ఉంటాయి. తలకు, రాత్రికి ఇంత అని పర్యాటక పన్ను కూడా ఉంటుంది, 18 ఏళ్ళలోపు పిల్లలకు లేదు. అడుగుపెట్టగానే ప్రతి గది, ప్రతి దూలం ఫోనులో వీడియో తీసుకోండి. పాత ఇంట్లో ఏ పగులు 14వ శతాబ్దానిదో, ఏది మీ అబ్బాయిదో ఎవరు తేలుస్తారు?

నక్షత్రాలు చూసి మోసపోవద్దు. అద్దె ఇళ్ళకు 1 నుంచి 5 దాకా నక్షత్రాలుంటాయి, 'జీత్ ద ఫ్రాన్స్' అనే పాత సంస్థ ఇళ్ళకైతే వాటి బదులు గోధుమ కంకులు. ఇవి సౌకర్యాలకు ఇచ్చే మార్కులు. ఇల్లు ఎంత పాతది, ఎంత అందమైనది అన్నది వాటిలో తెలియదు.

వీసా, కారు గురించి రెండు ముక్కలు. ఫ్రాన్స్‌కు కావాల్సిన షెంగెన్ వీసాకు ప్రయాణానికి 6 నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టవచ్చు, జూన్‌కైతే ఆలస్యం చేయకండి. బస రుజువుగా అద్దె ఒప్పందం, 30,000 యూరోలకు తగ్గని వైద్య బీమా జతచేయాలి. కారు లేకుండా ఈ ఊళ్ళు కుదరవు. కోర్డ్‌కు రైలు స్టేషనుంది గానీ ఊరికి దూరంగా, లోయలో ఉంటుంది. లైసెన్సుతో పాటు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ మన ఆర్టీఏలోనే తీసుకోండి. ఇక్కడ అద్దెకార్లలో గేర్లవే ఎక్కువ, ఏడు సీట్ల ఆటోమేటిక్ కావాలంటే ఇప్పుడే బుక్ చేయండి. బోర్డులు లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చే బండికి దారివ్వాలి. ఎంత చిన్న సందులోంచి వచ్చినా సరే.

పక్కనే చర్చి ఉంటే గంట కొడుతుంది. చాలా ఊళ్ళలో గంటకొకసారి కొట్టి, లెక్క తప్పినవాళ్ళ కోసం రెండు నిమిషాల్లో మళ్ళీ కొడతారు. అర్ధరాత్రి అంటే 24 దెబ్బలన్నమాట. కొన్ని ఊళ్ళు రాత్రిళ్ళు ఆపుతాయి, ఇదీ అడగండి. మా నాన్నగారికి మాత్రం అదే నచ్చింది. "గడియారం చూడక్కర్లేదే" అనేవారు.

ఇన్ని చెప్పి మళ్ళీ ఎందుకు వెళ్ళమంటున్నానంటే, పగటి టూరిస్టు చూసే ఊరు వేరు, రాత్రి అక్కడ పడుకున్నవాడు చూసే ఊరు వేరు. సాయంత్రం ఆరింటికి బస్సులు వెళ్ళిపోతాయి. జూన్‌లో దాదాపు రాత్రి పదింటి దాకా వెలుతురుంటుంది. ఆ నాలుగు గంటలు వీధులు మీవే. పిల్లలు చౌకులో బంతాట ఆడుకుంటారు, పెద్దవాళ్ళు అరుగు మీద కూర్చుంటారు, దారినపోయే ముసలాయన "బోన్సువార్" అంటాడు. మీరూ అనాలి, అనకపోతే చిన్నబుచ్చుకుంటారు. తెల్లవారుజామున కోర్డ్ కింద లోయంతా పొగమంచు నిండి, ఊరు మేఘం మీద తేలుతున్నట్టుంటుంది. 'సుర్ సియెల్' అంటే 'ఆకాశం మీద' అని, ఆ తోక పేరుకు 1993లో తగిలించారు. ఆ దృశ్యం వసంతంలో, శరదృతువులో ఎక్కువ, జూన్‌లో అదృష్టం ఉండాలి.

ఇంటాయనకు ఈరోజే ఈ మెసేజ్ పంపండి: నేలమట్టాన పడకగది, టాయిలెట్, స్నానాలగది ఉన్నాయా? మెట్ల ఫొటో పంపుతారా? వేడినీళ్ళ ట్యాంకు ఎన్ని లీటర్లు? పొయ్యి ఏ రకం? కారు గుమ్మానికి ఎన్ని మీటర్ల దూరంలో ఆగుతుంది? జవాబు ఫ్రెంచిలో వస్తే ఇక్కడ పెట్టండి, చదివి చెప్తాను. మెట్ల ఫొటో పంపకపోతే నాకు చూపించాల్సిన పనే లేదు, వేరే ఇల్లు చూసుకోండి.